గుళికల గోతిలో కొవ్వొత్తి

బుధవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ప్రాసిక్యూటరు లౌరెన్చు చేతి గడియారం విప్పి, బాయిలరు గది కిటికీ గట్టు మీద జినోవియాకు కనబడేలా పెట్టాడు.

"పన్నెండు దాకా ఆగుతాను," అన్నాడు. "పన్నెండు కాగానే సంతకం పెట్టేస్తా. ఒంటిగంటకి ఖననం. ఆలోపు ఫాదర్‌కి కాగితం అందాలి."

ఆ కాగితంలో ఏముంటుందో గదిలో ఉన్న నలుగురికీ తెలుసు. జీవశాస్త్రం మాస్టారు హరలాంపీ ఆత్మహత్య చేసుకున్నాడని ఉంటుంది. అలా ఉంటే చర్చి గంట మోగదు. ఫాదర్ రాడు. శ్మశానం కంచెకు అవతల, ముళ్ళపొదల పక్కన గొయ్యి తవ్వుతారు. హరలాంపీ అక్క గ్లాఫిరా ఉదయం ఏడింటి నుంచి బడి గేటు దగ్గర రాతి మెట్టు మీద కూర్చుని ఉంది. జినోవియా లోపలికి వస్తుంటే కోటు అంచు పట్టుకుని ఒక్కటే అడిగింది: "గంట మోగుతుందా, అమ్మా?"

మోగుతుందని గానీ మోగదని గానీ జినోవియా చెప్పలేదు. తెలియని మాట ఇవ్వకూడదన్నది ఇన్‌స్పెక్టరుగా ఇరవై రెండేళ్ళలో ఆమె నేర్చుకున్న మొదటి సంగతి.

అప్పటికి తెలిసింది తక్కువ. ఆ బడిని వెచ్చబెట్టేది గుళికల బాయిలరు. పొలాల్లో మిగిలిన గడ్డిని నలిపి, వేలి మందాన నొక్కి చేసిన గుళికలు. బాయిలరు గది నేల కింద నాలుగు మీటర్ల లోతున కాంక్రీటు గొయ్యి ఉంది. గుళికలు అందులో ఉంటాయి. నేలలో ఒక ఇనుప మూత, దాని కింద నిచ్చెన. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఎనిమిది టన్నుల కొత్త సరుకు దిగింది. సోమవారం ఉదయం ఏడూ ఇరవైకి బాయిలరు చూసుకునే ముసలాయన నికానోర్ వచ్చేసరికి మూత తెరిచి ఉంది. దీపం వేసి చూస్తే నిచ్చెన మొదట్లో హరలాంపీ వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ఒంటి మీద గాయం లేదు. రక్తం రాజధాని కిషినావ్‌లో లాబుకు వెళ్ళింది. జవాబు రావడానికి పది రోజులు పడుతుంది.

జినోవియాను వదలనిది ఆ ముఖం. సోమవారం సాయంత్రం ఆసుపత్రిలో దుప్పటి తీసి చూసింది. చచ్చిపోయి ఇరవై నాలుగు గంటలు దాటిన మనిషి బుగ్గలు ఎర్రగా, నిగనిగలాడుతున్నాయి. మంచులో ఆడుకుని ఇప్పుడే ఇంట్లోకి వచ్చిన పిల్లవాడి ముఖంలా ఉంది. దుప్పటి కప్పాక కూడా, లేచి ఏదో అడుగుతాడేమోనని ఆమె రెండు క్షణాలు ఆగింది.

"ఇందులో తేలాల్సింది ఏముంది?" లౌరెన్చు జేబుల్లో చేతులు పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. "రెండు నెలల కింద పెళ్ళాం పోయింది. పిల్లల్లేరు. చావబోయే వాడి చేతిలో కొవ్వొత్తి పెట్టే దిక్కు లేదు. కొవ్వొత్తి లేకుండా పోతే ఆత్మ చీకట్లో తిరుగుతుందని మన ముసలమ్మలు చెప్పే మాటే కదా. ఏదో మింగాడు, గోతిలోకి దిగాడు, తన కొవ్వొత్తి తనే వెలిగించుకున్నాడు. పాపమే. కానీ పాపమని చట్టాన్ని మార్చలేం కదా, జినోవియా గారూ."

"మార్చమనట్లేదు. చదవమంటున్నా." ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పసుపు పచ్చని లావు కొవ్వొత్తి. రెండు వేళ్ళ మేర కాలింది. వత్తి ఒక పక్కకు అణిగి ఉంది, దాని కింద మైనంలో సన్నని చారలు. "చావు కొవ్వొత్తి ఎలా ఉంటుంది?"

"కొవ్వొత్తిలా ఉంటుంది."

"చర్చిలో కొన్నది, సన్నగా, పెన్సిలంత ఉంటుంది. మీ అమ్మగారి చేతిలో మీరు పెట్టలేదా?"

లౌరెన్చు జేబుల్లోంచి చేతులు తీశాడు.

"దీని మొదలు చూడండి. చుట్టూ గాడి పడి, తుప్పు రంగు అంటింది. తీగ కట్టిన గుర్తు. చావబోయే వాడు కొవ్వొత్తికి తీగ ఎందుకు కడతాడు?" ఆమె బాయిలరు పక్క స్టూలు మీద కూర్చున్న ముసలాయన వైపు తిరిగింది. "నికానోర్ తాతా, మీకు తెలుసా?"

నికానోర్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నాకేం తెలుసు తల్లీ."

"ఆదివారం మాస్టారు మీ ఇంటికి వచ్చాడు."

"రాలేదు."

"మీ కోడలు వచ్చాడంది. నాలుగూ పదికి. గుమ్మంలో నిలబడే మాట్లాడి వెళ్ళాడంది. మీరు ద్రాక్షసారా నేలమాళిగలోకి దిగి ఏదో తెచ్చి ఇచ్చారంది."

"దానికి నోరు ఆగదు." ముసలాయన టోపీని అటూ ఇటూ తిప్పాడు. "తల్లీ, మా అన్న ఎలా పోయాడో తెలుసా? ద్రాక్షరసం పొంగుతున్న రోజుల్లో కొవ్వొత్తి లేకుండా మాళిగలోకి దిగాడు. పీపాల మధ్య పడిపోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచి తీగ కట్టిన కొవ్వొత్తి ముందు దించకుండా నేను ఏ గోతిలోనూ కాలు పెట్టలేదు. మంట వణికిందా, ఆరిందా, దిగకు. నిలబడి వెలిగిందా, దిగు. మా ఇంట్లో నడక రాని పిల్లకి కూడా తెలుసు ఇది."

"అదే మాస్టారికి చెప్పారు."

"ఆయనకీ తెలుసు! ఈ ఊళ్ళో తెలియందెవరికి? చేతిలో ఖాళీ సంచి. గోతిలోకి దిగి గుళికలు కొన్ని తెచ్చుకోవాలి తాతా అన్నాడు. ముందు కొవ్వొత్తి దించి చూసుకో నాయనా అని నా చేత్తో నేనే ఇచ్చాను." టోపీని మోకాలి మీదే నలిపాడు. "చెడ్డ గాలి అయితే ఆరిపోవాలి కదా తల్లీ. మరి ఎందుకు ఆరలేదు? ఆరుంటే ఆయన దిగేవాడు కాదు."

లౌరెన్చు మెల్లగా రెండు చప్పట్లు కొట్టాడు. "శుభం. మీ సాక్షే మీ కేసు పూడ్చేశాడు. కొవ్వొత్తి నిలబడి వెలిగింది, అంటే కింద గాలి బాగుంది. గాలి బాగుంటే మనిషి దేనివల్ల చచ్చాడు? ఏదో మింగి! చూడండి, నేనే దిగి చూపిస్తా."

అతను మూత దగ్గరికి నడిచి, సోమవారం తను వేసిన కాగితపు సీలు చింపాడు. తలుపు దగ్గర నిలబడి ఉన్న ఎఫ్రేమ్ వచ్చి మూత ఎత్తడానికి ఒక చెయ్యి వేశాడు. ఎఫ్రేమ్ అడవి గార్డు. ఊళ్ళో అగ్నిమాపక బండి, గొట్టాలు, మాస్కులు కూడా అతని బాధ్యతే. సోమవారం శవాన్ని పైకి తెచ్చింది అతనే. నెమ్మదైన మనిషి, ఎవరు ఏ పని చెప్పినా సరేనంటాడు.

"ఎఫ్రేమ్, సోమవారం మీరు మాస్కు పెట్టుకునే దిగారు కదా?" జినోవియా అడిగింది.

"నిబంధన, మేడమ్. ఏ గొయ్యి అయినా సరే, మాస్కు ఉండాల్సిందే."

"గ్యాస్ మీటరు తెమ్మన్నానే?"

"తెచ్చాను మేడమ్. కానీ బ్యాటరీలు పోయాయి. జిల్లా నుంచి రావాలి."

జినోవియా చెయ్యి చాపి, లౌరెన్చు కోటు జేబులోంచి టార్చి లాగింది.

"ఏయ్, అది నాది!"

"రెండు బ్యాటరీలే తీసుకుంటున్నా. మిగతా టార్చి మీకే."

మీటరు చిన్నగా కూసి, సున్నా చూపించింది. ఆమె దాన్ని, నికానోర్ జేబులో ఉన్న మరో కొవ్వొత్తిని ఒకే తీగకు పక్కపక్కన కట్టి, వత్తి వెలిగించి, గోతిలోకి దించడం మొదలుపెట్టింది. లౌరెన్చు అప్పటికే నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

కొవ్వొత్తి దిగుతున్నకొద్దీ గోతి గోడలు ఒక్కొక్క చారగా బయటపడ్డాయి. వాలుగా పోసిన గుళికల గుట్ట బంగారు రంగులో మెరిసింది. మంట వణకలేదు. నిటారుగా, గుడిలో దీపంలా వెలుగుతోంది.

"చూశారా?" అని లౌరెన్చు రెండో మెట్టు దిగాడు.

అప్పుడు మీటరు అరిచింది. కింద నుంచి వచ్చిన ఆ అరుపు కాంక్రీటు గోడలకు కొట్టుకుని పదింతలై పైకి లేచింది. నికానోర్ చెవులు మూసుకున్నాడు. జినోవియా లౌరెన్చు కాలరు పట్టుకుని రెండు చేతులా వెనక్కి లాగింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. ఆమె పాకి వెళ్ళి గోతిలోకి చూసింది. మీటరు మీద అంకెలు ఎక్కి, ఎక్కి, చివరికి అంకెలే పోయి గీతలు మిగిలాయి. కొలవగలిగినంత కొలిచి మీటరు చేతులెత్తేసింది. దాని పక్కనే కొవ్వొత్తి ప్రశాంతంగా వెలుగుతూనే ఉంది.



"మాళిగలో చెడ్డ గాలి వేరు తాతా," ఆమె అంది. "అది మంటనీ చంపుతుంది, మనిషినీ చంపుతుంది. అందుకే మీకు కొవ్వొత్తి నిజం చెప్పింది. ఇది బొగ్గుపులుసు గ్యాసు కాదు, కుంపటి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు. వాసన లేదు, రంగు లేదు. మంటకి ఏమీ కాదు. మనిషి రక్తంలో చేరి కూర్చుంటుంది. బుగ్గలు ఎర్రబడతాయి. నాలుగేళ్ళ కింద ఒక ఓడ అడుగున ఇద్దరు కూలీలు ఇలాగే పోయారు. ఓడలో ఉన్నది గుళికలే."

"బాయిలరు పొగ లోపలికి దిగిందంటారా?" లౌరెన్చు కోటు దులుపుకుంటూ అడిగాడు. గొంతులో వెటకారం పోయింది.

"కాదు. గుళికలే వదులుతాయి. చెట్టు కొట్టినా, గడ్డి కోసినా, పొడి చేసి నొక్కినా దాని పని అయిపోదు. గాలి తీసుకుంటూ, ఈ గ్యాసు వదులుతూ ఉంటుంది. తాజా సరుకైతే మరీ ఎక్కువ, కట్టె గుళికలైతే ఇంకా ఎక్కువ. అందుకే ఈ గోతికి గాలి గొట్టం పెట్టారు." ఆమె లేచి వెనక గోడ దగ్గరికి వెళ్ళింది. అరచేతి వెడల్పు గొట్టం మూతిని డబ్బాలోంచి కొడితే ఉబ్బి గట్టిపడే తెల్లని నురుగుపూత నిండా పూడ్చేసింది. గోరుతో గీకింది. "ఇది కిటికీలోంచి పడే ఎండకి నెల తిరక్కుండా పసుపెక్కుతుంది. ఇంకా పాలలా ఉంది. ఎవరు పూడ్చారు?"

"ఎలుకలని ఎవరో పూసుంటారనుకున్నా," అన్నాడు నికానోర్.

"సరుకు తోలిన వాళ్ళ పనై ఉంటుంది," అన్నాడు ఎఫ్రేమ్. "పాపం మాస్టారు. ప్రమాదమే, మేడమ్."

లౌరెన్చు కిటికీ గట్టు మీద గడియారం తీసి చేతికి కట్టుకున్నాడు. పదకొండూ ఇరవై ఐదు. "ఆత్మహత్య కాదు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "అది ఒప్పుకుంటున్నా. ఫాదర్‌కి నేనే వెళ్ళి చెబుతా. కాగితం తరవాత రాస్తా."

"గ్లాఫిరాకి నేను చెప్పాలి," నికానోర్ లేచాడు. "కొవ్వొత్తి ఇచ్చింది నేనని నా నోటితోనే చెప్పాలి. మీతో వస్తాను బాబూ."

"ఒక్క నిమిషం," అంది జినోవియా. "ఎలా పోయాడో తెలిసింది. ఎందుకు దిగాడో అడగరా?"

ఉదయం ఆమె హరలాంపీ తరగతి గదికి వెళ్ళింది. గోడ మీద పెద్ద అట్ట. పైన ఆయన చేతిరాత: జీవద్రవ్యరాశి అంటే ఒక నేల మీద బతికినదంతా, నీరు పోగొట్టి తూచితే మిగిలే బరువు. కింద పిల్లల రాత. ఏటా కోతలయ్యాక ఆయన పిల్లల్ని పొలాలకు తీసుకెళ్ళి, ఒక్కో చోట ఒక చదరపు మీటరు గడ్డి కోయించి, రొట్టెల పొయ్యిలో ఆరబెట్టి తూయించేవాడు. ఊరి పొలాల్లో ఈ ఏడు పుట్టిన గడ్డి నాలుగు వందల టన్నులు. నేల బతకాలంటే నేలకే వదిలెయ్యాల్సింది రెండు వందల యాభై. కాల్చుకోవడానికి మిగిలేది నూట యాభై. ఊరి చివర గుళికలు నొక్కే ప్రెస్సు ఈ ఏడు అమ్మిన గడ్డి గుళికలు ఆరు వందల టన్నులు. ఆఖరి వరసలో, పిల్లల గుండ్రని అక్షరాల్లో: మిగతాది ఎక్కడ పెరిగింది?

ఇదంతా ఆమె నాలుగు మాటల్లో చెప్పింది.

"గడ్డి పేరు పెట్టి ఇంకేదో నొక్కుతున్నారు. శుక్రవారం సరుకు చూడ్డానికి దిగాడు మాస్టారు. ఎఫ్రేమ్, మీ అడవిలో ఓక్ చెట్లేమైనా తగ్గాయా?"

"ఒక్క కొమ్మ పోలేదు మేడమ్. పోతే నాకు తెలియకుండా ఉంటుందా?"

"అయితే ఈ గుళికలు దేనివో నేను చూస్తాను. మాస్కు ఇవ్వండి."

"మీకెందుకు శ్రమ, నేను తెస్తాగా."

"సాక్ష్యం నా చేత్తోనే తీయాలి."

"జాగ్రత్త, ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు లౌరెన్చు గుమ్మంలోంచి. "మీరు పోతే నా తప్పు ఎత్తి చూపేవాళ్ళుండరు." ఆమె నవ్వింది. అతనూ ముసలాయనా వెళ్ళిపోయారు.

ఎఫ్రేమ్ శ్రద్ధగా సిద్ధం చేశాడు. సిలిండరు వీపుకు కట్టాడు, పటకాలు బిగించాడు. చేతులకు వేళ్ళ కొనల్లో రబ్బరు చారలున్న తన లావు తొడుగులు తొడిగాడు. "ఫోను కోటుతో పాటు పైనే ఉంచండి మేడమ్, గుళికల దుమ్ముకి నిప్పురవ్వ చాలు. ఇరవై నిమిషాల గాలి ఉంది." మాస్కు ముఖానికి అతుక్కోగానే బయటి చప్పుళ్ళన్నీ దూరమై, తన ఊపిరి తనకే ఎవరో పక్కన నిద్రపోతున్నట్టు వినబడింది.

నిచ్చెన పదకొండు మెట్లు. మీటరు ఇంకా అరుస్తూనే ఉంది. మీట నొక్కి దాన్ని ఆపింది. ఆపాక గోతిలో మరో చప్పుడు వినబడింది. గుళికలు ఒకదాని మీంచి ఒకటి జారుతూ, టిక్కు టిక్కుమంటూ, గుట్ట నెమ్మదిగా సర్దుకుంటోంది. హరలాంపీ పడిన చోట వీపంత పల్లం ఇంకా పూర్తిగా పూడలేదు. ఆమె దాన్ని తొక్కకుండా చుట్టి వెళ్ళి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి కొవ్వొత్తి వెలుగులో విరిచింది. గడ్డి గుళిక మసకగా, పొట్టుపొట్టుగా విరగాలి. ఇది ఎర్రగా, గట్టిగా, గింజలా విరిగింది. ఓక్ చెట్టు చేవ రంగు. సంచిలో వేసి మూతి కట్టింది.

పైకి వెళ్ళేముందు కొవ్వొత్తి ఆర్పాలి. ఇన్ని టన్నుల ఇంధనం మీద మంట వదిలి వెళ్ళకూడదు. వంగి ఊదింది.

ఊపిరి మాస్కు అద్దానికి తగిలి తన ముఖం మీదికే వచ్చింది. మంట కదల్లేదు.

తన తెలివితక్కువకు తనే నవ్వుకుని, రెండు వేళ్ళతో వత్తిని నొక్కింది. చీకటి కమ్మింది. పైన మూత చతురస్రంలోంచి పడే పల్చని వెలుగు మాత్రం మిగిలింది. తీగ మీంచి కొవ్వొత్తి విప్పి ఆ వెలుగులోకి పట్టుకుంది.

వత్తి ఒక పక్కకు అణిగి ఉంది. దాని కింద మెత్తని మైనంలో సన్నని చారలు.

ఆమె కదలకుండా నిలబడింది. మాస్టారి కొవ్వొత్తి మీద ఇవే చారల్ని, సోమవారం శవాన్ని తీసేటప్పుడు పడిన గుర్తులనుకుంది. కానీ సోమవారానికి ఆ మైనం చల్లారి రాయి. చార దిగాలంటే కరిగి ఉండాలి. కరిగి ఉండాలంటే వెలుగుతూ ఉండాలి. ఈ గాలిలో కొవ్వొత్తి తనంతట ఆరదు, చివరంటా కాలాలి. రెండు వేళ్ళే కాలింది. అంటే అరగంట. ఆదివారం సాయంత్రం, హరలాంపీ పడిపోయిన అరగంటకి, ఇంకొకరు ఈ నిచ్చెన దిగారు. ఊదడానికి వీల్లేని మాస్కుతో దిగారు. ఈ తొడుగులతో దిగారు. గోతిలో ఎవరికీ కనబడని మాస్టారి సంచీ, కొవ్వొత్తి తీగా తీసుకున్నారు. మంటను వదిలి పోవడానికి చెయ్యి రాని అలవాటున్న మనిషి.

సరిగ్గా అప్పుడు గంట మోగింది. కాంక్రీటు దాటి, మాస్కు దాటి, ఒక్కొక్క దెబ్బా నిదానంగా వచ్చింది. లౌరెన్చు మాట నిలబెట్టుకున్నాడు. గేటు దగ్గర గ్లాఫిరా లేచి నిలబడి ఉంటుంది. లౌరెన్చు, నికానోర్, ఊరు మొత్తం చర్చి దగ్గర ఉంటుంది.

బాయిలరు గదిలో ఒక్కడే ఉన్నాడు.

"మేడమ్?" చతురస్రంలో ఎఫ్రేమ్ తల కనిపించింది. వెలుగు వెనక ఉండడంతో ముఖం లేదు. "వెలుగు పోయిందేం? ఊదేశారా?"

జినోవియా మొదటి మెట్టు మీద చెయ్యి వేసింది. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది.

"ఆఁ, ఊదేశా!" అని అరిచింది. "పైకి వస్తున్నా."

తల కదల్లేదు. గంట ఇంకో దెబ్బ మోగి ఆగేదాకా అతను ఓపిగ్గా ఉన్నాడు.

"ఆ మాస్కుతో ఊదలేం మేడమ్," అన్నాడు, ఎప్పటి మర్యాదతోనే. "ఆదివారం నేనూ ముందు ఊదబోయాను."

అతను మోకాళ్ళ మీంచి లేచి, రెండు చేతులా ఇనుప మూత అంచు పట్టుకున్నాడు.